కోల్డ్ స్టోరేజీ తనిఖీలకు మామూలు బిజినెస్ లాప్‌టాపా, తిప్పి మడిచే కన్వర్టబులా?

ప్రశ్న: బ్రాడీపేట ఆడిటరు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో చార్టర్డ్ అకౌంటెంటుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 2016లో కొన్న 14 అంగుళాల లాప్‌టాప్‌తోనే ఇంతకాలం పని నడిపాను. అందులోని ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరానిది కావడంవల్ల అది విండోస్ 11కు పనికిరాదు; విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. క్లయింట్ల పాన్ వివరాలు, బ్యాంకు లెక్కలు ఉన్న యంత్రాన్ని భద్రతా అప్‌డేట్లు లేకుండా వాడడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు కనుక కొత్తది కొనక తప్పదు.

నా పనిలో రెండు భాగాలు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆఫీసులో కూర్చొని ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను రిటర్నులు చూసుకొంటాను. మిర్చి సీజను ముదిరిన తరువాత మాత్రం బ్యాంకులు అప్పగించే స్టాక్ ఆడిట్ల కోసం ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు తిరగవలసి వస్తుంది. వ్యాపారి తీసుకొన్న అప్పుకు తగిన సరుకు నిజంగా ఉన్నదా, స్టాక్ స్టేట్‌మెంటులో చూపిన టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య సరిపోతున్నదా, తేజ రకం అని రాసినచోట తేజే ఉన్నదా, తాలు కాయను, అంటే రంగు పోయిన నాసి కాయను, మంచి రకం లెక్కలో కలిపారా అన్నది లాటు లాటుకూ చూడాలి. సరుకు నిలవ ఉంచే చలి గదిలో, అంటే ఛాంబరులో, అంతస్తులు ఎక్కి దిగుతూ, నిలబడే రాసుకోవాలి. ప్రస్తుతం అట్టకు బిగించిన కాగితాల మీద రాసుకొని, రాత్రికి ఇంటికి వచ్చి అదంతా ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక తనిఖీకి 70, 80 వరుసలు సులువుగా అవుతాయి. కిందటి సీజనులో అలా ఎక్కిస్తూ 418వ లాటును 481గా కొట్టాను. బ్యాంకు అధికారి ఫోన్ చేసి అడిగేవరకు ఆ తప్పు నా కంట పడలేదు. లెక్క తప్పు పట్టవలసిన వృత్తిలో ఉండి లెక్క తప్పు రాయడం నన్ను చాలా బాధపెట్టింది.

అందువల్ల ఈసారి పెన్నుతో తెర మీద రాయగల కన్వర్టబుల్ తీసుకొంటే ఆ రెండో రాత తప్పుతుందని ఆశపడుతున్నాను. అయితే ఆఫీసులో నాకు కావలసింది మంచి కీబోర్డు, మెరవని తెర, చాలినన్ని పోర్టులు ఉన్న మామూలు బిజినెస్ లాప్‌టాప్. లక్షా పదివేల రూపాయల దాకా పెట్టగలను. తెర పూర్తిగా వెనక్కి తిరిగే రకమా, కీబోర్డు ఊడి వచ్చే సర్ఫేస్ ప్రో వంటి రకమా, రెండూ కాక పాత పద్ధతి లాప్‌టాపేనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆ తిరిగే హింజీలు ఎంతకాలం మన్నుతాయి, మిర్చి దుమ్మును, చలిని ఇవి తట్టుకొంటాయా అన్న విషయాలు స్వయంగా వాడినవారు, బాగుచేసినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: గవర్నర్‌పేట సర్వీసు, విజయవాడ

ఆడిటరు గారూ, నేను విజయవాడ గవర్నర్‌పేటలో 15 ఏళ్లుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే యంత్రాలను బట్టి చెబుతాను.

ముందుగా హింజీ సంగతి. తెరను 360 డిగ్రీలు తిప్పే పద్ధతిని లెనోవో 2012లో యోగా పేరుతో తెచ్చింది. అంతకుముందు టాబ్లెట్ పీసీలకు మధ్యలో ఒకే ఇరుసు ఉండి, తెర దాని మీద పక్కకు తిరిగి పడుకొనేది. ఇప్పటి రకంలో రెండు వైపులా రెండేసి ఇరుసులు ఉంటాయి. హింజీ అనే ఆ ఉక్కు ముక్క విరిగి నా దగ్గరికి వచ్చినవి చాలా తక్కువ. విరిగేది హింజీ స్క్రూలు దిగే ఆధారం. చౌక మోడళ్లలో ప్లాస్టిక్ బాడీలో చిన్న ఇత్తడి నట్లు పొదిగి వాటిలోకి స్క్రూలు బిగిస్తారు. వాడకంలో హింజీ కాస్త బిగుసుకొంటుంది, మనం అలవాటుగా తెరను ఒక మూల పట్టుకొని లేపుతాము, ఆ మెలి అంతా ఆ నట్ల మీద పడి అవి ప్లాస్టిక్‌తో సహా పెకలి వస్తాయి. తెర తెరిచేటప్పుడు అడుగున సన్నగా టిక్కుమని చప్పుడు వస్తే అదే మొదటి గుర్తు. అప్పుడే తెస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. నెలలు గడిచాక తెస్తే డిస్‌ప్లే కేబులు కూడా తెగి ఉంటుంది. ఈ జబ్బు మామూలు లాప్‌టాప్‌లకూ వస్తుంది, కన్వర్టబుల్‌కే ప్రత్యేకం కాదు. మెగ్నీషియం లేదా అల్యూమినియం చట్రం ఉన్న వాటిలో ఇది నాకు అరుదుగా కనిపించింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బిజినెస్ లాప్‌టాప్, కన్వర్టబుల్ అన్నవి ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు జాతులు కావు. థింక్‌ప్యాడ్ వరుసలోనూ, హెచ్‌పీ ఎలైట్ వరుసలోనూ, 2025 నుంచి డెల్ ప్రోగా పేరు మారిన లాటిట్యూడ్ వరుసలోనూ తిప్పి మడిచే మోడళ్లు ఉన్నాయి. కనుక హింజీకి భయపడి కన్వర్టబుల్‌ను వదులుకోనక్కరలేదు. ఇంటి వాడకపు చౌక రకాన్ని వదులుకొంటే చాలు.

నన్ను ఆలోచనలో పడేసేది తెర. పెన్నుతో రాసే తెరలో పైన అద్దం, కింద ప్యానెలు ఒకటిగా అతికి ఉంటాయి. టిక్కీల మధ్య జారిపడి అద్దం పగిలితే ప్యానెలుతో కలిపి మొత్తం సెట్టు మార్చాలి. మామూలు మెరవని తెరైతే ప్యానెలు ఒక్కటే తీసి, చాలావరకు అరగంటలో ఇంకొకటి బిగిస్తాను. ఖర్చులో రెంటికీ కొన్ని రెట్ల తేడా ఉంటుంది. సర్ఫేస్ వంటి టాబ్లెట్ రకమైతే తెరను వేడిచేసి జిగురు వదిలించి లేపితే తప్ప బ్యాటరీ చేతికి రాదు. కొత్త తరాల్లో ఫైళ్లు నిలవ ఉండే ఎస్‌ఎస్‌డీని వెనుక చిన్న మూత తీసి మార్చుకొనే వీలు పెట్టారు, అది మంచి మార్పే. అయినా మన ఎండలకు బ్యాటరీ ఉబ్బడం మామూలు విషయం కనుక, నాలుగు స్క్రూలు తీస్తే బయటికి వచ్చే బ్యాటరీ ఉన్న యంత్రం మన ప్రాంతానికి మేలని నా అభిప్రాయం. ఏది కొన్నా, ఆఫీసులో రోజంతా ఛార్జరు తగిలించి ఉంచేవారు ఛార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగు పెట్టుకోవాలి. ఎండాకాలం పార్కు చేసిన కారులో వదిలి వెళ్లడం మాత్రం పనికిరాదు. లిథియం బ్యాటరీకి వేడి, నిండు ఛార్జింగు రెండూ కలిసినప్పుడు చాలా చెరుపు కలుగుతుంది.

మిర్చి దుమ్ము గురించి అడిగారు. యార్డులో కమీషన్ కొట్ల నుంచి వచ్చే లాప్‌టాప్‌లు విప్పితే ఫ్యానులో పేరుకొన్నది మామూలు ఇంటి దుమ్ములా ఊదితే ఎగిరిపోదు. కాయలోని నూనె పదార్థంవల్ల అది ముద్దలా అంటుకొని ఉంటుంది. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకొని బ్రష్‌తో రాల్చాలి. చాలా లాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచి పీల్చుకొంటాయి కనుక టిక్కీ మీద పెట్టి వాడితే దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. అట్ట మీద పెట్టుకోండి, ఏడాదికొకసారి విప్పించి శుభ్రం చేయించండి.

కొనే ముందు ర్యామ్ గురించి కూడా అడగండి. పలుచని కన్వర్టబుళ్లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డరు చేస్తారు, తరువాత పెంచుకొనే దారి ఉండదు. థింక్‌ప్యాడ్ టీ14 ఐదో తరంలో రెండు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి. మీ పాతది తొమ్మిదేళ్లకు పైగా నడిచిందంటే మీరు యంత్రాన్ని ఎక్కువకాలం వాడే మనిషి. మీవంటివారికి ఈ స్లాట్ల విలువ ఐదో ఏట తెలుస్తుంది.

జవాబు: నేలపాడు వకీలు, విజయవాడ

నేను విజయవాడలో ఉంటూ నేలపాడులోని హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. కీబోర్డు ఊడి వచ్చే రకాన్ని మూడేళ్లుగా వాడుతున్నాను, దానితో సంతృప్తిగానే ఉన్నాను. అయితే నా సంతృప్తికి కారణం మీకు వర్తిస్తుందో లేదో మీరే చూసుకోవాలి.

నా పనిలో చదవడం ఎక్కువ, టైపు చేయడం తక్కువ. ఒక్కొక్క కేసు కట్ట పీడీఎఫ్‌గా వందల పుటలు ఉంటుంది. దానిని నిలువుగా చేతిలో పట్టుకొని, కాగితం మీద గీసినట్లే పేరాల పక్కన గీతలు గీసి, అంచుల్లో రాసుకొని, వాదన సమయంలో ఆ గుర్తు దగ్గరికి క్షణంలో వెళ్లగలగడం నాకు ఎంతో ఉపయోగంగా ఉంది. పూర్వం పెద్ద కట్టలు మోయడానికి ఒక మనిషి కావలసి వచ్చేది. కీబోర్డు తీసేస్తే ఇది 900 గ్రాముల లోపు ఉంటుంది. తెర మూడుకు రెండు నిష్పత్తిలో ఉండడంవల్ల పుట మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. అంకెలు కూడి, పట్టికలు నింపే పని నాకు దాదాపు లేదు.

లోపాలు కూడా ఉన్నవి ఉన్నట్లు చెబుతాను. వెనుక కాలు వాల్చి నిలబెట్టే పద్ధతి బల్ల మీద బాగుంటుంది కాని ఒడిలో నిలవదు. గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో వస్తూ ఒక అఫిడవిట్ దిద్దుదామని ఎన్నోసార్లు ప్రయత్నించి విరమించుకొన్నాను. ముందు సీటుకు, మన మోకాళ్లకు మధ్య ఉన్న చోటు దానికి చాలదు. ఇక ఆరుబయట, ఎండలో ఆ మెరిసే అద్దంలో నా ముఖమే తప్ప అక్షరం కనిపించదు. రెండు గంటలకు మించి టైపు చేయవలసి వస్తే ఇంట్లో విడిగా కీబోర్డు, మానిటరు పెట్టుకొన్నాను.

పెన్ను విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక కంపెనీ తెరకు పనిచేసే పెన్ను మరొక కంపెనీ తెరకు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. లోపలి పద్ధతులు వేరు వేరు. కొన్ని పెన్నులకు బ్యాటరీ కావాలి, కొన్నింటికి అక్కరలేదు, కొన్ని కన్వర్టబుళ్లలో పెన్ను యంత్రంలోని గూట్లోనే ఇమిడి అక్కడే ఛార్జవుతుంది. కోల్డ్ స్టోరేజీలో అంతస్తులు ఎక్కి దిగే మీకు ఆ గూడు ఉన్న రకమే తగినది. నేను ఒక పెన్నును కోర్టు ఆవరణలో పోగొట్టుకొని రెండోది కొన్నాను. దాని ధర తలుచుకొంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

జవాబు: లక్ష్మీపురం అకౌంటెంటు, గుంటూరు

ఆడిటరు గారికి నమస్కారం. మనం ఒకే ఊళ్లో ఒకే పనిలో ఉన్నాము కనుక మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. పైన ఇద్దరూ చెప్పని విషయాలు రెండు ఉన్నాయి. వాటికంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది.

మొదటిది డిజిటల్ సంతకం టోకెను. మన డీఎస్‌సీ టోకెన్లు ఇప్పటికీ చాలావరకు పాత యూఎస్‌బీ-ఏ మూతివే. క్లయింట్ల టోకెన్లు పదుల సంఖ్యలో మార్చి మార్చి పెట్టే మనకు యంత్రానికి కనీసం రెండు యూఎస్‌బీ-ఏ పోర్టులు ఉండాలి. సర్ఫేస్ ప్రో ఎనిమిదో తరం నుంచి వీటిలో యూఎస్‌బీ-సి పోర్టులే ఉన్నాయి. మధ్యలో హబ్బు పెట్టుకోవచ్చు కాని గడువు చివరి రోజు రాత్రి హబ్బు కదిలి టోకెను మాయమైతే పడే అవస్థను నేను అనుభవించాను. అంతకంటె పెద్ద సమస్య ప్రాసెసర్. తేలిక రకాల్లో స్నాప్‌డ్రాగన్ వంటి, ఇంటెల్ రకానికి భిన్నమైన ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్లతో వస్తున్నవి ఉన్నాయి. పాత ప్రోగ్రాములను వాటి మీద నడిపించే ఏర్పాటు విండోస్‌లో ఉన్నా, తగిలించిన పరికరాలను నడిపించే డ్రైవర్లకు ఆ ఏర్పాటు వర్తించదు; టోకెను డ్రైవరును ఏఆర్‌ఎమ్ కోసమే తయారుచేసి ఉండాలి. మీ దగ్గరున్న టోకెన్లన్నింటికీ అది దొరుకుతుందని చేతితో పరీక్షించుకొంటే తప్ప అటువైపు వెళ్లకండి. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ అయితే ఈ చింత లేదు.

రెండోది, 14 అంగుళాల యంత్రాల్లో కుడివైపు అంకెల కీలు ఉండవు. ట్యాలీలో వోచర్లు కొట్టేవారికి అది చేయి విరిచినట్లే. విడిగా దొరికే చిన్న అంకెల కీప్యాడ్ ఒకటి బల్ల మీద ఉంచుకోండి.

ఇక అసలు ప్రశ్న. మిమ్మల్ని బాధపెట్టింది కాగితమా, రెండుసార్లు రాయడమా? మీరు చెప్పిన 418, 481 పొరపాటు రాసినదాన్ని చూసి మళ్లీ కొట్టేటప్పుడు వచ్చింది. కన్వర్టబుల్ తెర మీద పెన్నుతో రాస్తే అది కూడా చేతిరాతే. దానిని రాత్రి ఎక్సెల్‌లోకి మళ్లీ ఎక్కించవలసిందే. పెన్నుతో రాసిన అంకెను గడిలో అచ్చు అంకెగా మార్చే సదుపాయం ఎక్సెల్‌లో ఉన్నది. నేను వాడి చూశాను. కూర్చొని నిదానంగా రాస్తే బాగానే గుర్తుపడుతుంది. నిలబడి తొందరగా రాసిన ఒకటికీ ఏడుకూ తేడా పట్టడంలో మాత్రం దానిని నమ్మి స్టాక్ రిపోర్టు మీద సంతకం పెట్టే ధైర్యం నాకు లేదు. అక్కడికక్కడే అంకెను కీలతో గడిలోకి నొక్కగలిగితేనే రెండో రాత తప్పుతుంది. అందుకు పెన్ను అక్కరలేదు, లక్ష రూపాయల యంత్రమూ అక్కరలేదు. మీ ఊహ సరైనదో కాదో కొనేముందే ఒక తనిఖీలో పరీక్షించండి. మా ఆఫీసులో ఒక 14 అంగుళాల కన్వర్టబుల్ ఉన్నది, ఒక రోజు తీసుకువెళ్లండి. ఒక చిన్న టాబ్లెట్ కూడా ఇస్తాను.

బ్రాడీపేట ఆడిటరు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. లక్ష్మీపురం మిత్రులు అడిగిన ప్రశ్న నాకు నేనే వేసుకోవలసినది, వేసుకోలేదు. వారి ఆఫీసుకు రేపు వస్తాను. ఈలోగా సర్వీసు వారికి ఒక సందేహం. ఛాంబరు లోపల పది డిగ్రీల లోపే ఉంటుంది, బయట మే నెల ఎండ. ఒక్క తనిఖీలో నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతాను. నా కళ్లద్దాల మీద ఆవిరి పట్టినట్లే యంత్రం లోపల కూడా పడుతుందా?

గవర్నర్‌పేట సర్వీసు

పడుతుంది. అయితే లోపలికి వెళ్లేటప్పుడు కాదు, బయటికి వచ్చేటప్పుడు. చల్లని గదిలో అరగంట ఉన్న యంత్రం మొత్తం చల్లబడి ఉంటుంది. దానిని ఒక్కసారిగా వేడి, తేమ ఉన్న గాలిలోకి తెస్తే ఆ గాలిలోని తేమ చల్లని లోహం మీద నీటి బిందువులుగా మారుతుంది. చల్లనీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్లే మదర్‌బోర్డు మీదా పడుతుంది. ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆ తేమగాలిని అదే లోపలికి లాగుతుంది. మనకు కృష్ణా తీరపు ఉక్కపోత కూడా ఉన్నది కనుక దీనిని తేలికగా తీసుకోకూడదు.

దీనికి మార్గం కష్టమైనది కాదు. ఛాంబరులోనే, బయటికి రాకముందే, యంత్రాన్ని ఆపి, గాలి చొరని జిప్పు కవరులో పెట్టి మూయండి. బయటికి వచ్చాక ఆ కవరు మీద నీరు పడుతుంది, యంత్రం మీద పడదు. అది బయటి వేడికి అలవాటుపడేవరకు, కనీసం అరగంట, కవరు తెరవకండి, ఛార్జరు తగిలించకండి. 14 అంగుళాల లాప్‌టాప్‌ను రోజుకు నాలుగుసార్లు ఇలా చేయడం ఎంతవరకు సాధ్యమో మీరే ఆలోచించండి. ఎనిమిది అంగుళాల టాబ్లెట్ అయితే మామూలు కవరులో పడుతుంది, పైగా దానికి ఫ్యాను ఉండదు కనుక దుమ్ము పీల్చదు. సాధారణంగా లాప్‌టాప్ కంపెనీలు ఐదు నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని రాస్తాయి. మీ ఛాంబరు ఆ గీత పక్కనే ఉంటుంది. చలిలో బ్యాటరీ శాతం గబగబా తగ్గినట్లు కనిపిస్తే కంగారుపడకండి, వెచ్చబడ్డాక తిరిగి వస్తుంది. తెర మీద స్పందన కూడా ఒక పిసరు మందగించవచ్చు.

బ్రాడీపేట ఆడిటరు

నిన్న రెండు యంత్రాలూ తీసుకొని ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లి వచ్చాను. చూసినది చూసినట్లు రాస్తున్నాను, నావంటి సందేహంతో వచ్చేవారికి పనికిరావచ్చు.

మొదటి ఛాంబరులో కన్వర్టబుల్‌ను వెనక్కి మడిచి ఎడమ ముంజేతి మీద పెట్టుకొని పెన్నుతో రాశాను. పెన్ను రాత అద్భుతంగా ఉన్నది, కాగితానికీ దానికీ తేడా తెలియలేదు. కాని 1.4 కిలోల బరువు పది నిమిషాలకు తెలియదు, నలభై నిమిషాలకు భుజంలో తెలుస్తుంది. మడిచినప్పుడు కీలు పనిచేయవని తెలిసినా, అరచేతి కింద అవి నొక్కుకుపోతున్న స్పర్శ మనసును పని మీద నిలవనివ్వలేదు. రెండో అంతస్తుకు మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకోవడానికి చేయి ఖాళీ లేక, యంత్రాన్ని ముఠా మేస్త్రికి (బస్తాలు మోసే కూలీల పెద్దకు) ఇచ్చి ఎక్కవలసి వచ్చింది. రాసిన 32 వరుసలను ఇంటికి వచ్చాక ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి, సరిచూడడానికి 40 నిమిషాలు పట్టింది. లక్ష్మీపురం మిత్రులు చెప్పినదే నిజం; చేతిరాత తెర మీదికి మారిందే కాని రెండో రాత పోలేదు.

రెండో ఛాంబరులో చిన్న టాబ్లెట్ వాడాను. ముందురోజు రాత్రే కూర్చొని వ్యాపారి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటులోని వరుసలన్నీ అందులో నింపుకొన్నాను. ఛాంబరు, అంతస్తు, లాటు, మార్కా (బస్తా మీది గుర్తు), రకం, పుస్తకం ప్రకారం టిక్కీలు అన్న గడులు ముందే నిండి ఉంటాయి. నేను అక్కడ కొట్టవలసింది లెక్కించిన టిక్కీల సంఖ్య ఒక్కటే. దాని పక్క గడిలో తేడా దానంతట అదే వస్తుంది. తేడా సున్నా కాకపోతే గడి ఎర్రబడేలా పెట్టాను. లాటు నంబరు నేను కొట్టే పనే లేదు కనుక 418, 481 వంటి తప్పుకు చోటే లేకుండా పోయింది. సిగ్నలు లేని గదుల్లో కూడా పనిచేసేలా ఫైలును టాబ్లెట్‌లోనే ఉంచాను. తాలు కలిసినట్లు అనుమానం వచ్చిన రెండు లాట్లకు ఫోటోలు తీసి పక్కనే చేర్చాను. బయటికి వచ్చే ముందు జిప్పు కవరు విధానం పాటించాను; కవరు మీద నిజంగానే నీళ్లు కారాయి.

కనుక ఆఫీసుకు మామూలు బిజినెస్ లాప్‌టాపే తీసుకొంటున్నాను. మెరవని తెర, ఇంటెల్ ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు, రెండు యూఎస్‌బీ-ఏ పోర్టులు, ఆఫీసుకే వచ్చి బాగుచేసే మూడేళ్ల వారంటీ అడిగాను. బిల్లు ఆఫీసు జీఎస్టీ నంబరు మీద తీసుకొంటే 18 శాతం పన్నుకు క్రెడిట్ వస్తుంది, ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల కూడా ఉన్నది కనుక నేను వేసుకొన్న పరిమితిలో టాబ్లెట్‌కు, దాని గట్టి కవరుకు కూడా డబ్బు మిగులుతున్నది. వకీలు గారి పని వంటి పని నాదైతే వారు కొన్నదే నేనూ కొనేవాడిని.

నిన్నటి తనిఖీలోనే ఒక లాటులో 12 టిక్కీలు తక్కువ వచ్చి గడి ఎర్రబడింది. పాత పద్ధతిలోనైతే అది రాత్రి ఇంటి దగ్గర తెలిసేది, మరునాడు మళ్లీ వెళ్లవలసి వచ్చేది. అక్కడే నిలబడి మేస్త్రిని పిలిచి మళ్లీ లెక్కపెట్టించాను. ఆ 12 టిక్కీలూ చోటు చాలక పక్క వరుస చివర పేర్చి ఉన్నాయి. మార్కా చూసి సరిపోల్చుకొని సంఖ్య సరిచేశాను.